పుర్రెకు పెదవులెందుకు?

పోయిన ఏడాది జనవరిలో నా స్నేహితురాలు ఫోన్ చేసింది. తను చిత్రకారిణి. గుడ్డ సంచుల మీద, చేత్తో చేసిన కాగితం మీద స్క్రీన్ ప్రింట్లు వేస్తుంది. మార్చి 8 సభ కోసం విప్లవ స్త్రీల మీద అయిదు పోస్టర్లు చేసిమ్మని ఒక మహిళా బృందం అడిగిందట. "ఎన్నాళ్లని పిడికిళ్లూ, ఎగిరే జుట్టూ వేస్తామే? ఈసారి మెక్సికో వాళ్ల పుర్రెబొమ్మల పద్ధతిలో చేద్దామనుకుంటున్నా. నువ్వు చదివిందంతా ఆడవాళ్ల పోరాట కథలే కదా. కింద నాలుగేసి మాటలు రాసిపెట్టు" అంది. సరేనన్నాను. పోరాటాల్లో పాల్గొన్న స్త్రీల ఆత్మకథల మీద డాక్టరేట్ చేసినదాన్ని, నాలుగు మాటలు రాయడం ఎంతసేపు అనుకున్నాను.

వారం తిరక్కుండానే మొదటి స్కెచ్ పంపింది. తెల్లటి పుర్రె. దాని మీద వెడల్పాటి టోపీ, రెండు జడలు, జడల్లో ఎర్ర గులాబీలు. ఛాతీ మీద అడ్డంగా రెండు తూటాల పట్టీలు. కంటిగుంతల చుట్టూ పూలరేకులు, వాటి అంచున పొడవాటి కనురెప్ప వెంట్రుకలు. ఎర్రటి పెదవులు. కింద 'అదెలీతా' అని పేరు. చూడగానే ఎంత బాగుందో అనిపించింది. ఆ మాటే చెప్పాను. రాత్రి దాన్ని ముందు పెట్టుకుని రాయడానికి కూర్చుంటే మాత్రం కలం కదల్లేదు. నా కళ్లు ఆ పెదవుల దగ్గరే ఆగిపోయాయి. పుర్రెకు పెదవులుండవు కదా! చావు అన్నిటినీ తీసుకుపోయింది. మాంసం, చర్మం, జుట్టు ఏదీ మిగల్లేదు. ఆడదానికి మాత్రం అందం మిగలాలి. లేకపోతే అది ఆడపుర్రె అని గుర్తుపట్టడం ఎలా?

ఈ ఒక్క ప్రశ్న నన్ను నాలుగు నెలలు తిప్పింది. నాలుగు మాటలు రాయడానికి వెళ్లి ఈ వ్యాసం దగ్గర తేలాను.

ముందు ఆ బొమ్మ ఎక్కడిదో చెప్పుకోవాలి. మెక్సికోలో నవంబరు 1, 2 తేదీల్లో చనిపోయినవాళ్లు ఇంటికి వస్తారని నమ్మకం. మొదటి రోజు పిల్లలు, రెండోరోజు పెద్దలు. ఇంట్లో వేదిక అమర్చి, పోయినవాళ్ల ఫొటో పెట్టి, వాళ్లకిష్టమైన వంటలు, మంచినీళ్లు, ఉప్పు, కొవ్వొత్తులు పెడతారు. దారి చూపడానికి బంతిపూల రేకులు చల్లుతారు. మనం బతుకమ్మలో పేర్చే బంతిపూలు మెక్సికో నుంచి వచ్చినవే. పెత్రమాస నాడు పెద్దలకు పెట్టుకుని, అదేరోజు ఎంగిలిపూల బతుకమ్మ ఆడే తెలంగాణ ఆడవాళ్లకు ఈ పండుగ మరీ పరాయిగా తోచదు. తేడా ఉన్నది పుర్రె దగ్గరే. మనకు పుర్రె అంటే శ్మశానం, కాళిక మెడలో దండ, చేతబడి భయం. వాళ్లకు అది పిల్లలు తినే చక్కెరబొమ్మ. నుదుటి మీద పేరు రాసి ఇచ్చి పుచ్చుకుంటారు. చనిపోయినవాళ్ల పేరే కాదు, బతికున్న స్నేహితుల పేర్లు కూడా రాస్తారు. 'ఇదిగో నీ పుర్రె, తిను' అని నవ్వుకుంటారు.

దీన్ని కలవేరా అంటారు. స్పానిష్‌లో ఆ మాటకు పుర్రె అనే అర్థం. అదే పేరుతో ఒక సాహిత్య ప్రక్రియ కూడా ఉంది. బతికున్న మంత్రినో, పత్రికా సంపాదకుణ్ణో, పక్కింటాయననో అప్పుడే చనిపోయినట్టు ఊహించుకుని, వాళ్ల మీద వెటకారంగా కట్టే పద్యాలవి. సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి నాకు మొదట తగిలిన విషయం ఇదే. కలవేరా పుట్టుకతో స్తోత్రం కాదు, ఎత్తిపొడుపు. నువ్వెంతటివాడివైనా రేపు ఎముకవే అని చెప్పే కళ. అలాంటి కళతో ఒకరిని గౌరవించడమెలా? నా స్నేహితురాలికి పట్టనిదీ, నాకు పట్టుకున్నదీ ఈ ప్రశ్నే.

ఈ కళకు మనకు తెలిసిన రూపమిచ్చినవాడు హోసే గ్వాదలూపే పొసాదా (1852-1913). అతనికి ముందే మనుయేల్ మనీయా అనే చెక్కడం పనివాడు ఇలాంటి బొమ్మలు చేశాడు. పొసాదా మెక్సికో నగరంలో వనేగాస్ అర్రోయో అచ్చాఫీసుకు పనిచేసేవాడు. పనివాళ్లు, చదువు అంతంతమాత్రంగా వచ్చినవాళ్లు కొనుక్కునే చవక రంగు కాగితాల మీద హత్యలు, వరదలు, వింతలు, పాటలు అచ్చయ్యేవి. నవంబరు రాగానే కలవేరాలు వచ్చేవి. సైకిలు తొక్కే ఎముకలు, తాగి తూలే ఎముకలు, పెళ్లాడే ఎముకలు. పొసాదా పేదవాడిగా చనిపోయాడు. ఏడేళ్ల తర్వాత అడిగేవాళ్లెవరూ లేక అతని ఎముకల్ని ఉమ్మడి గుంతలో కలిపేశారు. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ పుర్రెబొమ్మ కనిపించినా అందులో అతని చెయ్యి ఉంటుంది. అతని పుర్రె ఎక్కడుందో మాత్రం ఎవరికీ తెలియదు.

అతని బొమ్మల్లో అన్నిటికంటే పేరున్నది ఒక స్త్రీ పుర్రె. ఈకలూ పూలూ కుట్టిన పెద్ద ఫ్రెంచి టోపీ పెట్టుకుని, పళ్లన్నీ కనబడేలా నవ్వుతుంటుంది. దీన్నిప్పుడు లోకమంతా 'కత్రీనా' అంటోంది. పొసాదా కాలంలో దాని పేరు 'కలవేరా గర్బన్సేరా'. అది అచ్చయింది 1913లో, అతను పోయాక. గర్బన్సేరాలంటే ఎవరు? మూలవాసుల రక్తం పంచుకుని పుట్టి, ఆ సంగతి దాచుకుని, ముఖానికి పౌడరద్దుకుని యూరప్ దొరసానుల్లా కనబడాలనుకునే పేద ఆడపిల్లలు. ఇళ్లలో పనిచేసేవాళ్లు. బొమ్మతోపాటు అచ్చయిన పద్యాలు కూడా ఆ పనిపిల్లలనే వేళాకోళం చేస్తాయి.

కాబట్టి మనమంతా పండుగలా చూసే ఆ పుర్రె ఒక పనిమనిషిని ఎగతాళి చేయడానికి పుట్టింది. తన రంగును చూసి సిగ్గుపడేలా లోకమే నేర్పింది. ఆ సిగ్గును చూసి మళ్లీ లోకమే నవ్వింది. పొసాదా ప్రజల కళాకారుడు, అందులో నాకు సందేహం లేదు. అయినా ప్రజల కళ ప్రజల్లోని ఆడవాళ్లకు ఎప్పుడూ పక్షపాతం చూపదన్న భరోసా ఏమీ లేదు. మన సామెతలు చదివిన ఏ ఆడదానికైనా ఈ సంగతి కొత్త కాదు.

తర్వాత దియేగో రివేరా వచ్చాడు. 1947లో పూర్తయిన తన పెద్ద కుడ్యచిత్రంలో, అలమేదా పార్కులో ఒక ఆదివారపు మధ్యాహ్నం గురించిన కలలో, ఈ తలకు ఒక శరీరాన్నిచ్చాడు. నిలువెత్తు దుస్తులిచ్చాడు. భుజాల మీద ఈకల పాము వేశాడు. 'కత్రీనా' అనే పేరు స్థిరపడింది ఆ చిత్రంతోనే. కత్రీన్ అంటే షోకిలా పురుషుడు, కత్రీనా అతని జోడీ. పక్కనే చిన్నపిల్లవాడి రూపంలో రివేరా ఆమె చెయ్యి పట్టుకుని ఉంటాడు. రెండోవైపు పొసాదా చేయి అందిస్తాడు. వెనకాల ఫ్రీదా కాలో నిలబడి ఉంటుంది. చూడ్డానికి గొప్ప గౌరవమే! కాని ఈ గౌరవంలో పనిపిల్ల మాయమైంది. పౌడరు వెనక దాగిన మూలవాసి స్త్రీ పోయి, ధనిక స్త్రీ వచ్చింది. బొమ్మను గౌరవించడానికి ముందు దాని వర్గాన్ని మార్చాల్సి వచ్చింది.

ఇక అదెలీతా. మెక్సికో విప్లవం 1910 నవంబరు 20న మొదలైంది. దాదాపు పదేళ్లు నడిచిన యుద్ధంలో అన్ని పక్షాల సైన్యాలతోనూ స్త్రీలు నడిచారు. వాళ్లను సోల్దదేరాలు అన్నారు. ఆ సైన్యాలకు వంటశాలలు, సరఫరా విభాగాలు సరిగా ఉండేవి కావు. సిపాయికి జీతం ఇస్తారు. తిండి సంగతి అతని ఆడమనిషి చూసుకోవాలి. రైళ్లలో గుర్రాలు పెట్టెల లోపల, ఆడవాళ్లూ పిల్లలూ పెట్టెల పైకప్పుల మీద. దండు కంటే ముందు ఊరు చేరి కట్టెలు, గింజలు వెతకాలి. మొక్కజొన్నను సున్నపునీళ్లలో ఉడికించి, మెతాతే అనే రాతిపలక మీద మోకాళ్ల మీద కూర్చుని నూరి, రొట్టెలు కాల్చాలి. గాయాలు కట్టాలి. మందుగుండు దాచి మోయాలి. మొగుడు పడిపోతే అతని తుపాకీ అందుకోవాలి. మెతాతే ఎలా ఉంటుందంటే మన సన్నికల్లే. పొత్రాన్ని ముందుకూ వెనక్కూ తోస్తూ నూరడం. ఆ రాతిని వీపుకు కట్టుకుని యుద్ధమంతా నడిచారు వాళ్లు.

పాటలో ఇదేదీ వినిపించదు. 'అదెలీతా' పాట ఒక సిపాయి పాట. ఆమె మీద అతని మోజు, ఆమె తనను వదిలి పోతుందేమోనన్న అతని దిగులు. ఆమె పేరుతో పాట ఉంది గాని, అందులో ఆమె మాట్లాడదు. ఆ పాటకు తోడుగా ఒక ఫొటో నిలిచిపోయింది. రైలుపెట్టె మెట్ల దగ్గర కమ్మీలు పట్టుకుని ముందుకు వంగి, ఎవరికోసమో వెతుకుతున్నట్టు చూసే స్త్రీ. దీన్ని చాలాకాలం కాసాసోలా తీసిన ఫొటోగా చెప్పుకున్నారు. 1912 ఏప్రిల్‌లో ఒక పత్రికలో వచ్చిందనీ, తీసింది జెరోనిమో ఎర్నాందెస్ అనీ తర్వాత పరిశోధకులు తేల్చారు. అయితే నన్ను కలవరపెట్టింది ఆ పేర్ల మార్పు కాదు. పూర్తి నెగటివ్‌లో ఆమె ఒక్కతే లేదు. పక్కన ఇంకా ఆడవాళ్లున్నారు. పుస్తకాలకూ పోస్టర్లకూ ఎక్కేటప్పుడు వాళ్లను కత్తిరించేశారు. వీరనారి అంటే ఒక్కతే ఉండాలి. గుంపుగా ఉంటే వాళ్లు కేవలం ఆడవాళ్లు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నా సిద్ధాంత వ్యాసాన్ని విశ్వవిద్యాలయంలో సమర్పించినప్పుడు ఒక అధ్యాయం మొదట్లో నేను పెట్టుకున్న బొమ్మ ఆ కత్తిరించిన ఫొటోయే. కింద, పోరాట స్త్రీ ఒంటరి చూపు గురించి అరపేజీ రాశాను కూడా. ఆ ఒంటరితనం కత్తెర చేసిందని నాకు తెలియదు. స్త్రీల అదృశ్యం గురించి రాస్తున్న అధ్యాయంలోనే పక్కనున్న స్త్రీలను అదృశ్యం చేసిన బొమ్మ పెట్టాను. పరీక్షకులెవరూ అడగలేదు. నేనూ నన్ను అడగలేదు.

ఆ తర్వాత అదెలీతా క్యాలెండరు ఎక్కింది. 1930ల నుంచీ వచ్చిన రంగు క్యాలెండర్లలో ఆమెకు సన్నటి నడుము, జారే జాకెట్టు, ఎర్ర పెదవులు వచ్చాయి. తూటాల పట్టీలు రొమ్ములను ఎత్తి చూపే నగలయ్యాయి. 1959లో వచ్చిన 'లా కుకరాచా' సినిమాలో మరియా ఫేలిక్స్ ఆ రూపానికి వెండితెర కాంతిని తెచ్చింది. నా స్నేహితురాలు గీసిన పుర్రెకు పెదవులు ఎక్కణ్ణుంచి వచ్చాయో అప్పుడు అర్థమైంది. పొసాదా దగ్గర్నుంచి కాదు, క్యాలెండరు నుంచి. పొసాదా గర్బన్సేరాకు టోపీ ఉంది గాని పెదవులు లేవు. ఆమె పళ్లు పళ్లుగానే ఉన్నాయి.

అసలు సోల్దదేరాలకేమైంది? పేత్రా ఎర్రేరా మగవేషంలో 'పేద్రో' అని పేరు పెట్టుకుని విల్యా సైన్యంలో చేరింది. వంతెనలు పేల్చడంలో పేరు తెచ్చుకున్నాక తాను ఆడదాన్నని ప్రకటించింది. 1914లో తోర్రెయోన్ పట్టణం కోసం జరిగిన యుద్ధంలో ఆమె, ఆమెతో ఉన్న వందలాది స్త్రీలు పోరాడారని తోటి సిపాయిలే చెప్పారు. ఆమెకు రావలసిన పేరు, హోదా రాలేదు. ఆమె బయటికొచ్చి అచ్చంగా స్త్రీలతోనే ఒక దళం కట్టింది. 1916 డిసెంబరులో అదే విల్యా, కమార్గో పట్టణంలో శత్రుపక్షం సోల్దదేరాలను సుమారు 90 మందిని చంపించాడు. వాళ్లలోంచి ఎవరో తన మీద కాల్చారు. ఎవరన్నది ఆ గుంపులో ఒక్కతీ చెప్పలేదు. యుద్ధమయ్యాక, 1925లో, యుద్ధమంత్రి అమారో ఆడవాళ్లను సైనిక శిబిరాల నుంచి పంపించేశాడు. అంతకాలం సైన్యానికి అన్నం పెట్టినవాళ్లు ఒక్కసారిగా సైన్యానికి పట్టిన రోగమైపోయారు.

కమార్గో సంగతి చదివిన రాత్రి ఆ స్కెచ్ మళ్లీ తీసి చూశాను. మనం అందంగా గీస్తున్న ఈ పుర్రెలు నిజంగా ఉన్నాయి. ఎక్కడో నేలలో ఉన్నాయి. వాటికి గులాబీలు లేవు.

ఒక చిన్న విషయం చెప్పి ముందుకు వెళతాను. రష్యన్ దర్శకుడు ఐజెన్‌స్టైన్ 1930లో మెక్సికో వెళ్లి ఒక పెద్ద సినిమా మొదలుపెట్టాడు. అందులో ఒక భాగం పేరు 'సోల్దదేరా'. చివరిభాగం మృతుల పండుగ. డబ్బు పెట్టేవాళ్లు ఆపేయడంతో సినిమా మధ్యలో నిలిచిపోయింది. పుర్రె ముసుగుల పండుగను తీయగలిగాడు, సోల్దదేరా భాగాన్ని తీయలేకపోయాడు. ఇది ఎవరూ కావాలని చేసింది కాదు. అయినా చరిత్ర తరచూ ఇలాగే మిగులుతుంది. పుర్రె మిగిలి, మనిషి జారిపోతుంది.

నేను ఈ సంగతులన్నీ చెబితే నా స్నేహితురాలు కోప్పడింది. "సరే, పెదవులు తీసేస్తా. జడలు తీసేస్తా. నగలు తీసేస్తా. అప్పుడది ఎవరి పుర్రె? మగాడిదంటారు. ఏ గుర్తూ లేకపోతే అది మగాడిదే అనుకుంటారు కదా ఈ లోకంలో" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆమె చెప్పింది స్త్రీవాద కళలో పాత చిక్కే. గుర్తులు పెడితే అలంకారమవుతుంది, తీసేస్తే అదృశ్యమవుతుంది.

రెండు రోజుల తర్వాత ఆమే అడిగింది: "ఆమె ముఖం వదిలేద్దాం. ఆమె చేతుల్లో ఏముండేది?"

ఆ ప్రశ్నతో మా పని మలుపు తిరిగింది. నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది.

అమ్మమ్మది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. 1946-51 సాయుధ పోరాట కాలంలో ఆమెకు పదహారు, పదిహేడేళ్లు. నేను పరిశోధనలో ఉన్నప్పుడు, ఆమె పోవడానికి రెండేళ్ల ముందు, టేప్ పెట్టుకుని ఆమె దగ్గర కూర్చున్నాను. దళానికి రాత్రిపూట జొన్నరొట్టెలు చేసి, గంపలో పెట్టి, పైన పేడ కప్పి, పొద్దున్నే చేనుకు పోతున్నట్టు తీసుకెళ్లి చెట్టుతొర్రలో పెట్టి వచ్చేదట. ఎన్నాళ్లని అడిగితే "రెండు వానకాలాలు" అంది. పట్టుబడితే ఏమయ్యేదని అడిగితే నవ్వింది. ఆఖర్న తనే అంది: "నేనేం జేసిన బిడ్డా, ఉత్తగ వండిపెట్టిన."

నేను ఆ మాటను నమ్మాను. స్త్రీ శక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివినదాన్ని. పోరాటం ముగిశాక ఇళ్లకు వెళ్లి సంసారాలు చేసుకోమంటే ఆ స్త్రీలు పడిన క్షోభ చదివి ఏడ్చినదాన్ని. అయినా నా సిద్ధాంత వ్యాసం అనుబంధంలో అమ్మమ్మ గురించి ఒక్క వాక్యం రాశాను, 'ఈమె పోరాటంలో ప్రత్యక్షంగా పాల్గొనలేదు' అని. 'ప్రత్యక్షంగా' అనే మాట మీద అప్పుడు నాకు అనుమానం రాలేదు. మోకాళ్ల మీద కూర్చుని రాయి నూరిన మెక్సికో స్త్రీల గురించి చదువుతుంటే, ఆ మాటను నా చేత రాయించింది ఎవరని ఇప్పుడు అడుగుతున్నాను. తుపాకీ పట్టినదే పోరాటమని విల్యా అనుకున్నాడు, అమారో అనుకున్నాడు. నేనూ అనుకున్నాను. డాక్టరేట్ వచ్చింది.

రెండో పోస్టరు ఆ ప్రశ్నలోంచే వచ్చింది. పుర్రె ముఖం పక్కకు తిరిగి, పని మీద ఉంటుంది. చూసేవాళ్ల వంక చూడదు. ఎముకల చేతులు మెతాతే మీద పొత్రాన్ని తోస్తుంటాయి. వీపున మూటలో పసిపుర్రె. తుపాకీ ఉంది, గోడకు ఆనించి ఉంది. పెదవులు లేవు, గులాబీలు లేవు. అయినా అది ఆడపుర్రె కాదని ఎవరూ అనరు. పని ఆమెను గుర్తుపట్టిస్తుంది. అయితే 'పని అంటే ఆడదనుకోవడం కూడా లోకం గీసిన గీతే కదా' అని మా బృందంలో ఒకమ్మాయి అడిగింది. నిజమే. దానికి ఆ పోస్టరు దగ్గర జవాబు లేదు. అలంకారం కంటే శ్రమ నిజానికి దగ్గర అని మాత్రమే చెప్పగలను.

మూడోది హ్వానా బెలెన్ గుత్యేర్రెస్ దె మెందోసా. గనుల ప్రాంతంలో పేదింట్లో పెరిగి, 1901లో 'వెస్పెర్' అనే పత్రిక పెట్టి నియంత దీయస్‌ను ఎదిరించింది. అచ్చుయంత్రం కొనడానికి తన మేకల్ని అమ్మిందంటారు. జైలుకు వెళ్లింది, యంత్రం జప్తయింది, మళ్లీ పత్రిక తెచ్చింది. ఈ పోస్టరులో పుర్రె అచ్చు అక్షరాలు పేరుస్తుంటుంది, చుట్టూ మేకల పుర్రెలు నవ్వుతుంటాయి. అయిదింటిలో నాకు బాగా నచ్చింది ఇదే. ఎందుకంటే ఇందులో కలవేరాకు సహజమైన నవ్వు ఉంది. గౌరవం పేరుతో నవ్వును చంపేస్తే కలవేరా మిగలదు, విగ్రహం మిగులుతుంది. నవ్వు ఎవరి మీద అన్నదే ప్రశ్న. గర్బన్సేరాలో నవ్వు పనిపిల్ల మీద. ఇక్కడ ఆమె యంత్రాన్ని మళ్లీ మళ్లీ ఎత్తుకుపోయిన ప్రభుత్వం మీద.

నాలుగో దానికి అమేలియో రోబ్లెస్ అనుకున్నాం. గెర్రేరో రాష్ట్రంలోని షోచిపాలాలో 1889లో ఆడపిల్లగా పుట్టి, జపాతా సైన్యంలో కర్నల్ అయి, యుద్ధం తర్వాత కూడా 1984లో చనిపోయేదాకా పురుషుడిగానే బతికాడు. 1974లో రక్షణశాఖ అతన్ని విప్లవ యోధుడిగా, పురుషుడిగానే గుర్తించింది. పోయిన తర్వాత ఊళ్లో పెట్టిన మ్యూజియం మాత్రం 'అమేలియా' పేరు పెట్టి, వీరవనితగా చూపించింది. స్కెచ్ సగం అయ్యాక మేం ఆపేశాం. 'విప్లవ స్త్రీలు' అని పైన రాసి కింద అతని పుర్రె పెడితే, జీవితమంతా అతను వద్దన్న దాన్ని చచ్చాక అతని నెత్తిన పెట్టినట్టు. స్త్రీలను గౌరవించాలన్న ఆత్రంలో మనం కూడా ఎముకలకు మనకిష్టమైన చీర కట్టేస్తాం. ఆ నాలుగో పోస్టరు పేత్రా ఎర్రేరాకు వెళ్లింది. అమేలియో గురించి వేరే శీర్షిక కింద, అతను చెప్పుకున్న పేరుతో ఎప్పుడైనా చేయాలి.

అయిదోదానికి కాలిఫోర్నియా వెళ్లాం. ఎస్టర్ హెర్నాండెజ్ 1982లో చేసిన 'సన్ మ్యాడ్' అనే స్క్రీన్ ప్రింట్ ఈ ప్రక్రియలో నాకు తెలిసిన అన్నిటికన్నా గట్టి పని. ఎండుద్రాక్ష పెట్టె మీద ఎర్ర బోనెట్ కట్టుకుని ద్రాక్షగుత్తుల గంప పట్టుకుని నవ్వే అమ్మాయి బొమ్మ ఉంటుంది కదా, ఆమెనే పుర్రెగా మార్చింది. బోనెట్ అదే, గంప అదే, వెనక సూర్యుడు అదే, ముఖం మాత్రం ఎముక. కింద పురుగుమందుల రకాల జాబితా. హెర్నాండెజ్ ద్రాక్షతోటల్లో పనిచేసిన కుటుంబంలో పుట్టింది. తమ ప్రాంతంలో తాగే నీరు పురుగుమందులతో పాడైందని తెలిశాక ఈ బొమ్మ చేసింది. 2008లో మళ్లీ అదే అమ్మాయిని 'సన్ రెయిడ్'గా తెచ్చింది. ఈసారి పుర్రెకు మూలవాసి స్త్రీల వస్త్రం తొడిగింది, చేతికి వలస అధికారుల నిఘా పట్టీ తగిలించింది.

ఇక్కడ ఏ వీరనారీ లేదు. ఏ కర్నలూ లేదు. పండ్లు కోసే కూలి ఆడది ఉంది. కంపెనీ అమ్ముకునే అందమైన ముఖాన్ని తీసేస్తే కింద ఏముందో చూపించడానికి పుర్రె ఉంది. నా స్నేహితురాలి మొదటి స్కెచ్ ఎముక మీద అందాన్ని పూసింది. హెర్నాండెజ్ అందం కింద ఎముకను బయటపెట్టింది. కలవేరా ధర్మం రెండోది. అందుకే అయిదో పోస్టరులో మేం బొమ్మ వేయలేదు. ఆమె బొమ్మను అనుకరించడం మర్యాద కాదనిపించింది. ఆమె పని గురించి ఒక పేజీ రాసి పెట్టాం.

ఈ బొమ్మలకు బజారు ఎంత పెద్దదో అందరికీ తెలిసిందే. 2013లో డిస్నీ కంపెనీ ఆ పండుగ పేరునే ట్రేడ్‌మార్కు చేసుకోబోయి, నిరసనలు వచ్చాక వెనక్కి తగ్గింది. 2019లో బార్బీ బొమ్మ కూడా కత్రీనా వేషం వేసుకుంది. మా సంచుల మీద అచ్చయ్యే పుర్రె ఆ బజారుకు పూర్తిగా బయట ఉందని నేను అనుకోను. ఇంకోవైపు మెక్సికోలో అదృశ్యమైనవాళ్ల సంఖ్య 2022 మే నాటికి అధికారిక లెక్కల్లోనే లక్ష దాటింది. వాళ్లకోసం తల్లులు గుంపులుగా బయల్దేరి, పొలాల్లో ఇనుపకడ్డీలు దించి, పైకి తీసి వాసన చూసి, తవ్వి ఎముకలు వెతుకుతున్నారు. 2021 మార్చి 8 ముందు రోజుల్లో అధ్యక్ష భవనం చుట్టూ ప్రభుత్వం ఇనుప గోడలు పెడితే, హత్యకు గురైన స్త్రీల పేర్లను ఆడవాళ్లు ఆ గోడల నిండా రాశారు. పుర్రె అలంకారమైపోయిన దేశంలోనే పుర్రె కోసం తల్లి వెతుకుతోంది. ఆమెకు కావలసింది పూలరేకుల కళ్లు కాదు. అది ఎవరిదో తెలియాలి. పేరు కావాలి.

చక్కెర పుర్రె నుదుటి మీద పేరు రాస్తారని ముందే చెప్పాను. నాలుగు నెలలు తిరిగి నేను అక్కడికే వచ్చాను. ఎముకను మనిషిగా మార్చేది పెదవులు కాదు, నుదుటి మీద పేరు. అదెలీతా పేరు కాదు, సిపాయి పాట పెట్టిన పేరు. అందుకే మొదటి స్కెచ్‌ను తిరిగి గీసినప్పుడు ఒక్క పుర్రెను పది పుర్రెలు చేశాం. రైలుపెట్టె మెట్ల మీద, పైకప్పు మీద ఇరుక్కుని కూర్చున్న పది. నుదుళ్ల మీద పేరు రాయాల్సిన చోట ఖాళీ పట్టీలు వదిలాం. పేర్లు మాకు దొరకలేదు కాబట్టి కల్పించలేదు.

పోస్టర్లు మార్చి 8కి అందలేదు. మే నెలాఖరుకి పూర్తయ్యాయి. బృందంలో ఒక పెద్దావిడ చూసి, "మన ఇళ్లల్లో పుర్రె గోడకు పెట్టుకుంటారా అమ్మా" అంది. ఆవిడ మాటలో నిజముంది. మన చనిపోయినవాళ్లను మనం పుర్రెగా గుర్తుపెట్టుకోం. దండ వేసిన ఫొటోగా, పెత్రమాసనాటి విస్తరిగా గుర్తుపెట్టుకుంటాం. అమ్మమ్మను కలవేరాగా గీద్దామని నా స్నేహితురాలు అడిగితే అందుకే వద్దన్నాను. ఆ భాష అమ్మమ్మది కాదు.

కాని ఆ భాష నాకొక పని అప్పజెప్పింది. నా సిద్ధాంత వ్యాసం ఇప్పుడు పుస్తకంగా రాబోతోంది. కత్తిరించిన ఫొటో తీసేసి, పూర్తి ఫొటో పెట్టమని అచ్చువాళ్లకు రాశాను. అనుబంధంలో ఆ వాక్యం కొట్టేశాను. దాని స్థానంలో రొట్టెల గంప గురించి, పైన కప్పిన పేడ గురించి, రెండు వానాకాలాల గురించి అమ్మమ్మ చెప్పింది చెప్పినట్టు ఆరు పేజీలు పెట్టాను. "ఉత్తగ వండిపెట్టిన" అన్న మాట కూడా అందులో ఉంది. దాన్ని నేను దిద్దలేదు. ఆ పేజీలకు పైన ఆమె పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా రాశాను. మా ఇంట్లో ఎవరూ ఆమెను ఆ పేరుతో పిలవగా నేను వినలేదు. మా అమ్మకు ఫోన్ చేసి అడిగి తెలుసుకున్నాను.